దవనం మీద పడ్డ నింద

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నోరు రాలేదంటే అబద్ధం. చెప్పకుండా ఉండడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరికింది.

హోసూరులో నాది డ్రై క్లీనింగ్ అంగడి. పచ్చని ఆకు బొమ్మ వేసిన బోర్డు. ఘాటు మందులు వాడం, ఒంటికీ నేలకూ హాని లేదు అని తమిళంలో, తెలుగులో, కన్నడంలో రాయించాను. నమ్మే రాయించాను. మా చిన్నాన్న కొడుకు బెంగుళూరు నుంచి మందు డబ్బాలు తెచ్చి ఇచ్చేవాడు. మొదట్లో మంచిదే తెచ్చాడు. ఒక విడత డబ్బా మూత తీయగానే నాకు తెలిసిపోయింది. మునుపు నేను పనిచేసిన అంగడిలో తల తిప్పించిన పాత మందే అది, పైన మాత్రం ఆకు బొమ్మ. అడిగితే నవ్వాడు. మరకలు పోవాలంటే ఇదే గతి, ఎవరొచ్చి వాసన చూస్తారు అన్నాడు.

సొంత మనిషే నన్ను నట్టేట ముంచాడు. ఏడ్చాను. అన్నం సయించలేదు. అయినా ఆ డబ్బాలు వెనక్కి పంపలేదు. ఎందుకు? బోర్డు దించితే నలుగురూ నవ్వుతారని. మోసపోయింది నేను కదా, తప్పు వాడిది కదా అని. ఆ మాట అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో!

తళి నుంచి బస్సులో రత్నమ్మ వచ్చేది. ఆమె కూతురికి ఉబ్బసం. తళి చలికి బిడ్డ కప్పుకునే ఉన్ని రగ్గుకు ఘాటు మందు తగలకూడదని డాక్టరు చెప్పాడట. అందుకే నా బోర్డు వెతుక్కుంటూ వచ్చింది. వచ్చినప్పుడల్లా తన తోటలోని దవనం ఒక కట్ట తెచ్చేది, నా జడలోకి. మందు వాసన తెలియకుండా ఉండాలని ఆ దవనాన్నే నేను రగ్గు మడతల్లో పెట్టి ఇచ్చాను. చూసి మురిసిపోయింది.

రగ్గు ఇంటికి పోయిన ప్రతిసారీ బిడ్డకు ఆయాసం ఎక్కువైంది. ఒకరోజు రత్నమ్మ రగ్గు ఒక్కటే పట్టుకుని వచ్చింది.

“దవనం యాడ రత్నమ్మా?”

“పీకేసినాను అక్కా. తోటంతా. రగ్గులో ఆ వాసన ఉంటే బిడ్డకి ఊపిరాడేది లేదు. మా అమ్మ కాలం నుంచి ఉండే చెట్లు... పీకేటప్పుడు ఏడ్చినాను. నీదేం తప్పు లేదులే, నువ్వు ప్రేమగానే పెట్టినావు.”

“పోనీలేమ్మా, మంచిపని చేసినావు.”

అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆ రగ్గును ఆ రోజే కుంకుడు నురుగులో, చన్నీళ్లలో నా చేత్తో ఉతికాను. డబ్బాలు తెప్పించడం మానేశాను. చిన్నాన్న కొడుకుతో మాటలు మానేశాను. బిడ్డకు నెమ్మదించింది. దాంతో రత్నమ్మకు ఉన్న కాస్త అనుమానమూ పోయింది, దవనమే పాడుదని ఊరంతా చెప్పింది. గుడిలో దండలో దవనం కనిపిస్తే బిడ్డను పక్కకు లాగుతుందట.

ఇప్పుడు నా బోర్డులో అబద్ధం లేదు. మరి నాకెందుకు దాని వైపు చూడబుద్ధి కాదు? వాడు నన్ను మోసం చేశాడని ఇన్నాళ్లూ మండిపడ్డాను. వాణ్ని తిట్టుకునే వీలైనా నాకుంది. రత్నమ్మకు అదీ లేదు, ఎవరు మోసం చేశారో ఆమెకు తెలియదు, బిడ్డకు తన చేతులతోనే హాని చేశానని తనను తానే తిట్టుకుంటోంది.

మొన్న కూడా వచ్చింది. దవనం ఉన్న మడిలో ఇప్పుడు క్యాబేజీ వేశారట. నా జడలోకి ఏమీ తేలేకపోయానని నొచ్చుకుంది. రగ్గు అందుకున్నాను. చెప్పలేదు.

మీకు చెబుతున్నాను. బిడ్డకు పడనిది నేను వాడిన మందు. దవనం ఏ పాపమూ ఎరగదు. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా తేలికగానే ఉంది.