అయిదు బొట్ల రికార్డు

ఆ రోజుల్లో నా దగ్గర లేని వస్తువుల గురించే నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, లింగంపల్లిలో ఓనరాంటీ వాళ్ల మేడమీద ఒంటి గది, ఆఫీసులో పక్క సీట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గోడలోంచి మబ్బుల్ని చూస్తూ ఉండే అమ్మాయి. (పేరు చెప్పను. మేమంతా మబ్బులమ్మాయి అనేవాళ్లం.) అమెరికా నల్లజాతి గాయకుల పాత సోల్ పాటలంటే ఆమెకు ప్రాణమని తెలిసిన రోజున, "నా దగ్గర గ్రామఫోన్ రికార్డులు బోలెడున్నాయండీ" అనేశాను. నోరు ఊరుకోదు కదా! "అయితే దసరాకి ఒకటి పట్టుకుని మా ఇంటికి రండి, మా నాన్నగారి ప్లేయరుంది" అందామె.

ఒక్కటైనా ఉంటే కదా! ఆన్‌లైన్‌లో వారం రోజులు జల్లెడపట్టి, ఒక రాక్ బ్యాండు తన పద్ధతిలో పాడిన సోల్ పాట రికార్డు సంపాదించాను. చిన్నది, పక్కకి ఒక్కటే పాట, అట్ట వెనక చేత్తో వేసిన నంబరు. అలాంటివి కొన్నే వేశారట, సేకరించేవాళ్లు కళ్లకద్దుకుంటారట. నేనూ అద్దుకున్నాను, రోజూ పొద్దున్నే. వినే సాధనం లేదు గనుక కిటికీ వెలుగులో పట్టుకుని ఆ నల్లటి గీతల్ని చూస్తూ గంటలు గడిపేవాణ్ణి. వాటిల్లో ఎక్కడో ఆమె నవ్వు కూడా ఉన్నట్టే అనిపించేది. దసరా రోజు పాట అవగానే మనసులో మాట చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాను.

పండగ పూట రికార్డును తీసి, తుడిచి, బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి ఓనరాంటీ పళ్లెంతో నిలబడి ఉంది. కింద స్కూటరుకూ మిక్సీకీ ఆయుధపూజ ముగించి, నా లాప్‌టాప్ కోసం పైకొచ్చిందట. లాప్‌టాప్‌కి బుల్లి బొట్టు. రికార్డుకి చుట్టూరా అయిదు, గంధం మీద కుంకుమ, ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత!

"అయ్యో, ఆంటీ!"

"ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్? రోజు కండ్లకద్దుకుంటవ్ గద, గందుకే దీనికి జర పెద్దగ పెట్టిన. ఫికర్ చెయ్యకు, అంతా మంచిగైతది."

తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ గీతల్లోకి ఇంకా హాయిగా దిగింది. అలాగే కూకట్‌పల్లి వెళ్లాను. మబ్బులమ్మాయి చూసి, "మీరూ పూజ చేశారా! మా నాన్నగారు ప్లేయరుకి దండ కూడా వేశారండీ" అని మురిసిపోయింది. ఆ వెంటనే, మామూలుగా, "వచ్చే నెల బెంగళూరులో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను, చెప్పానా?" అంది. చెప్పలేదు. రికార్డు తీసి వాళ్ల నాన్నగారి చేతికిచ్చాను.

సూది దిగింది. గిటారు, డ్రమ్ములు, ఆ వెనక గాయకుడి గొంతు. కడుపులోంచి ఏడుపు తీసుకొచ్చి ప్రేయసిని ఉండిపొమ్మని బతిమాలడం మొదలెట్టాడు. సరిగ్గా అక్కడ బొట్టు. సూది వెనక్కి గెంతింది. ఉండిపో అన్నాడు. మళ్లీ గెంతింది. ఉండిపో. ఇంకోసారి, ఉండిపో.

వాళ్ల నాన్నగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "ఏం బాబూ, మీవాడు మరీ ఇంతలా బతిమాలుతున్నాడేంటి!" ఆమె నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నవ్వు ఆగేసరికి పులిహోర వచ్చింది, నేను చెప్పాల్సిన సమయం వెళ్లిపోయింది. నెల తిరక్కుండా ఆమె కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు నాకు పొట్టా వచ్చింది, మంచి ప్లేయరూ వచ్చింది. గీతలు కడిగే మందు దొరుకుతుందని మిత్రులు చెబుతుంటారు. కడగలేదు. ఆ రోజు ఆ ఇంట్లో నా మాట పైకి అన్నది ఆ రికార్డు ఒక్కటే, దాని నోరు నేనెలా మూయిస్తాను?