కండక్టర్ పెద్దబాపు హోల్డాన్

ఆ రోజుల్లో నర్సు ట్రైనింగ్‌కు వెళ్ళే ఆడపిల్ల రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోతుందని మా చుట్టాలంతా ఆశగా ఎదురుచూసేవారు. వాళ్ళను నేను చాలా నిరాశపరిచాను. రక్తానికి, చీముకు, సూదులకు నేను జంకలేదు. నన్ను వణికించింది ఒక్కటే మాట, ఉచ్చ. చౌటుప్పల్‌లో మా ఇంట్లో ఆ మాట చంటిపిల్లల గురించి తప్ప ఇంకెవరి గురించీ అనేవాళ్ళం కాదు. ఎనభైల చివర్లో నల్లగొండలో ట్రైనింగ్‌కు చేరాక, మా బాపు వయసున్న మగవాళ్ళ మంచం పక్కన నిలబడి ఆ సంగతే అడగాల్సి వచ్చింది. అప్పుడు నేను పుస్తకంలో ఉన్న ‘మూత్ర విసర్జన’ అనే పెద్ద మాట వెనక దాక్కునేదాన్ని. (ఆ మాట అర్థమయ్యే రోగి మా వార్డులో ఒక్కరే ఉండేవారు. ఆయన తెలుగు పంతులు. ఆయనకేమో ఆ ఇబ్బంది లేదు, కాలు విరిగి వచ్చారు.)

అలాంటి రోజుల్లో కిటికీ పక్క మంచం మీదికి పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకాయన వచ్చాడు. దేవరకొండ వైపు మనిషి, బస్సు కండక్టరు. నేను పెద్దబాపూ అని పిలిచేదాన్ని. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది గానీ, ఉద్యోగంలో పొద్దస్తమానం అన్న రెండు మాటలు మాత్రం ఆయన నాలుకను వదిలిపెట్టలేదు. బస్సు కదలడానికి ‘రైట్ రైట్’, ఆగడానికి ‘హోల్డాన్’. అన్నం తిన్నవా అంటే రైట్ రైట్. నొప్పి ఉందా అంటే రైట్ రైట్. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి పైకెత్తి, గాలిలో లేని గంట తాడును ఒక్క గుంజు గుంజి ‘హోల్డాన్’ అనేవాడు. వార్డంతా నవ్వేది. ఏ స్టేజి వచ్చింది పెద్దబాపూ అని నేనూ అడిగేదాన్ని, అదేదో ఆయన్ను ఉత్సాహపరచడం అనుకుని. కాసేపటికి పక్క తడిసిపోయేది, ఆయన ముఖం గోడవైపు తిప్పుకునేవాడు.

ఆయన భార్యను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె తడిసిన బట్టలు ఉతికి కిటికీ చువ్వల మీద ఆరేసేది. ఇలా అయితే వీపు పుండ్లు పడుతుందని, సోమవారం ఉచ్చ సంచిలోకి పోయేలా పైపు వేసి, ఆ పైపుతోనే ఇంటికి పంపిద్దామని డాక్టరుగారు చెప్పిపోయారు. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దమ్మ ముద్ద ముట్టలేదు. “బస్సుల మంది ముంగట నిలబడి బతికిన మనిషి బిడ్డా. పైపు సంచి ఏలాడేసుకుని ఊళ్ళెకు పోతే గాయన బతకడు” అంది నాతో.

మా పెద్ద సిస్టర్‌కు కూడా ఆ పైపు ఇష్టం లేదు. ఆమెది కేరళ. ఏళ్ళ తరబడి నల్లగొండలో ఉండి తెలుగును తనకు నచ్చినట్టు మలుచుకుంది. పెద్దాయన పొత్తికడుపు ఆమే నొక్కి చూసింది, పోశాక లోపల మూత్రాశయం ఖాళీ అవుతోందని తేల్చింది. మిగిలిన పని నాకు అప్పగించింది. “వేసేది సులభం, తీసేది కష్టం. నువ్వు నాకు ఒక్కటే చెప్పు. తెలిసి పోతున్నదా, తెలియక పోతున్నదా?” తెలియకపోతే పైపు. తెలిస్తే మాత్రం, తెలిసినప్పుడు అందుకోవడం మన పని అంది.

నేను వెళ్ళి మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, మీకు మూత్ర విసర్జన ముందుగా తెలుస్తుందా అని అడిగాను. రైట్ రైట్ అన్నాడు. తెలియదా అన్నాను. రైట్ రైట్ అన్నాడు. పెద్దమ్మ నా ముఖం చూసి, “నువ్వడిగేది నాకే సమజైతలేదు బిడ్డా. ఉచ్చ అనరాదు?” అంది. నాకు చెవుల దాకా వేడెక్కింది. తిరిగొచ్చి పెద్ద సిస్టర్‌తో, తెలియక పోతున్నది అని చెప్పేశాను.

మర్నాడు ఆదివారం, నాకు సెలవు. ఇంట్లో అమ్మ బోటి కూర వండుతుందని హుషారుగా బస్సెక్కాను. నార్కట్‌పల్లి దాటాక ముందు సీట్లోంచి ఒక ముసలవ్వ లేచింది. నాలా పెద్ద మాటల వెనక దాక్కునే రకం కాదు. “జర బస్సాపు కొడుకా, ఉచ్చకు పోవాలె” అని బస్సంతా వినేలా అంది. కండక్టరు చెయ్యి పైకెత్తి తాడు ఒక్క గుంజు గుంజి, హోల్డాన్ అన్నాడు.

నేను లేచి నిలబడిపోయాను. అదే చెయ్యి, అదే గుంజుడు, అదే మాట. అవ్వ వెనకాలే నేనూ దిగేశాను. “నువ్వు గూడనా అమ్మా?” అన్నాడు కండక్టరు. నేను అందుకు కాదని గట్టిగానే చెప్పాను, బస్సులో ఒక్కరూ నమ్మలేదు. అవ్వ వచ్చి ఎక్కింది, బస్సు వెళ్ళిపోయింది. నేను మిట్టమధ్యాహ్నం రోడ్డుకు అవతలి పక్క నిలబడి, నల్లగొండ బస్సు కోసం చెయ్యి ఊపుతూ ఉండిపోయాను. బోటి కూర సంగతి వార్డు మెట్లెక్కేటప్పుడు గుర్తొచ్చింది.

మంచం పక్కనే ఉచ్చ డబ్బా పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఎడమ చెయ్యి లేచింది. హోల్డాన్ అన్నాడు. అందించి, దుప్పటి అడ్డం పెట్టి, అటు తిరిగి నిలబడ్డాను. పక్క తడవలేదు. అయిపోయాక ఆయన గాలిలో తాడు రెండుసార్లు గుంజి, రైట్ రైట్ అన్నాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “గిన్ని దినాల సంది ఆపుండ్రి ఆపుండ్రి అని మొత్తుకుంటుంటె, ఒక్కలం గూడ ఆపకపోతిమి గదనే.” ఆయనకు ప్రతిసారీ తెలుసు. మేము నవ్వుతుంటే అన్నీ తెలిసే తడుస్తూ పడుకున్నాడు.

నేను చెప్పింది తప్పని పెద్ద సిస్టర్‌తో ఒప్పుకున్నాను, సోమవారం పైపు రాలేదు. వార్డు ఆయమ్మ తన మేక మెడలోని గంట తెచ్చింది. దాన్ని బ్యాండేజీ గుడ్డతో మంచం పైన కట్టాం. ఒక్కసారి మోగితే డబ్బా, రెండుసార్లు మోగితే అయిపోయినట్టు. (తెలుగు పంతులుగారు చాయ్ కోసం తనకూ ఒక గంట కావాలన్నారు. మేక ఒకటే అని ఆయమ్మ చెప్పింది.) పక్క పొడిగా ఉండటం మొదలయ్యాక పెద్దబాపు గడ్డం గీయించుకున్నాడు, గోడవైపు తిరగడం మానేశాడు.

ఇంటికి పోయే రోజు ఆయన డిపో వాళ్ళు దేవరకొండ బస్సును దవాఖాన గేటు ముందే ఆపారు. పైపు లేదు, సంచి లేదు, తెల్ల పంచె కట్టుకుని తలుపు పక్క సీట్లో కూర్చున్నాడు. నేను దండం పెట్టి వెనక్కి తిరిగానో లేదో, “హోల్డాన్” అని వినిపించింది. ఇంకేం ఆలోచించలేదు. ఒక్క పరుగున వార్డులోకి వెళ్ళి డబ్బా అందుకుని, కొంగు చాటున పెట్టుకుని బస్సెక్కాను. ఆయన డబ్బాను చూశాడు, నన్ను చూశాడు, తల అడ్డంగా ఊపాడు. బస్సంతా గొల్లుమంది. ఆయనా సగం ముఖంతో నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అన్నాడు, హోల్డాన్ అని, ఈసారి మెల్లగా. పెదవులు ఇంకేదో మాట కోసం వెతుకుతున్నాయి.

ఆ మాట దొరికేదాకా అక్కడే నిలబడి ఉంటే సరిపోయేది. కానీ చేతిలో డబ్బా, చుట్టూ నవ్వే జనం. సిగ్గుతో గబగబా దిగేసి, టైమవుతోంది పెద్దబాపూ, రైట్ రైట్ అన్నాను. డ్రైవరు ఆ మాట విన్నాడు. బస్సు కదిలిపోయింది.

ఆయన్ను మళ్ళీ చూడలేదు. నాకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వచ్చిన తర్వాత, ఆయన పోయాడనీ, చివరిదాకా పైపు లేకుండానే ఉన్నాడనీ తెలిసింది. ఇప్పుడు నన్నే పెద్ద సిస్టర్ అంటారు. కొత్త పిల్లలు మూత్ర విసర్జన అని నసిగితే, ఉచ్చ అనరాదు అంటాను. బస్సులో కండక్టరు హోల్డాన్ అంటే మాత్రం ఈ వయసులోనూ నా చెయ్యి డబ్బా కోసం సీటు కిందికి పోతుంది, పక్కవాళ్ళు వింతగా చూస్తారు. నాలో నేనే నవ్వుకుంటాను. అంతలో ఆ కండక్టరు రైట్ రైట్ అనేస్తాడు. జర ఆగవయ్యా, మా పెద్దబాపు చెప్పేదేదో విననీ అనాలనిపిస్తుంది.