ముత్తక్క చెట్టు కింద

పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కుతుండగా అక్క ఫోన్ చేసింది. "సరళ మనకంటే బాగుందో లేదో చూసి రా," అంది నవ్వుతూ. నిజానికి నేనూ అదే చూడాలనుకుంటున్నాను. సరళా నేనూ రైల్వే క్వార్టర్స్‌లో పక్కపక్క ఇళ్ళలో పెరిగాం. మార్కులు, జడ పొడవు, పెళ్ళి సంబంధాలు, దేన్నీ వదలకుండా పోల్చుకునేదాన్ని. అడవుల మధ్య ఉన్న దోర్నపాల్‌లో నర్సుగా చేరినప్పటి నుంచి సరళ రమ్మంటూనే ఉంది. నాకంటే బాగుంటే చూసి ఓర్చుకోలేనేమోనని దాటవేశాను. మొన్న మాత్రం "ఈసారి రాకపోతే ఇంక పిలవను," అంది. నాకు భయమేసింది.

ఈ రైల్లో కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. సొరంగాల మధ్య లోయలు అటువైపే కనిపిస్తాయి. సాయంత్రానికి జగదల్‌పూర్ చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకుని, మర్నాడు దోర్నపాల్ మీదుగా వెళ్ళే కొంటా బస్సెక్కాను. తోంగ్‌పాల్‌లో టీకి ఆగినప్పుడు పక్కసీటు పెద్దాయన ఎక్కడికని అడిగాడు. స్నేహితురాలిని చూడ్డానికన్నాను.

"ఉత్త సూడనీకేనా? ఇంకేం పని లేదా?"

టీ గ్లాసు ఇచ్చేసి బస్సెక్కాను.

దోర్నపాల్‌లో దిగేసరికి సరళ బస్సు దగ్గరే నిలబడి ఉంది. మర్నాడు తెల్లవారుతుండగా తనకు తెలిసిన లచ్చక్కతో కలిసి ఇప్పపువ్వు ఏరడానికి తీసుకెళ్ళింది. అక్కడ ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. ఎవరి చెట్టు కింద వాళ్ళు ఆకులు ఊడ్చుకుని, రాలిన పువ్వు ఏరుకుంటారు. నేను సరళ బుట్టనే ఓరకంట చూస్తూ, వంచిన నడుం ఎత్తకుండా ఏరాను. నా బుట్టే ముందు నిండింది. గర్వంగా తలెత్తాను.

"ఏందమ్మా, ఎటు బోయినవ్? అది ముత్తక్కోళ్ళ చెట్టు!" అంది లచ్చక్క.

అంతలో ముత్తక్క రానే వచ్చింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ బుట్ట చాపాను.

"ఇందుల మాయెన్ని?" అంది.

నాకు తెలిస్తే కదా! అన్నీ కలిసిపోయాయి. ఆమె రెండు దోసిళ్ళు తీసుకుని చాలంది.

"తక్కువైతే ఎలాగమ్మా?" అన్నాను.

"ఐతే ఏమైతది?" అని తన చెట్టు కిందకి వెళ్ళిపోయింది.

తిట్టిందో క్షమించిందో అర్థం కాలేదు. సరళ నవ్వు ఆపుకోలేక కూలబడింది. "నా బుట్టే చూసుకుంటూ పోయావు కదే! నాదెంతుందో చెప్పనా?"

"వద్దు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరుగు రైల్లో వేళ్ళకి ఇంకా ఇప్పపువ్వు వాసనే. ఎండలు ముదరకముందు వెళ్ళేవాళ్ళు పెందలాడే లేవండి. ఎవరి చెట్టో మాత్రం అడిగి వంగండి. అరకు దాటాక అక్క ఫోన్ చేసింది.

"ఇల్లెలా ఉందే? ఎన్ని గదులు? మనకంటే బాగుందా?"

గుర్తు తెచ్చుకోబోయాను. రెండు రోజులున్న ఇల్లు, ఎన్ని గదులో తెలియలేదు. ఏం చూసి వచ్చినట్టు నేను?

"వచ్చే ఏడాది కూడా రమ్మందక్కా."

"నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి?" అంది అక్క.