కొమురమ్మ ఒప్పుకున్న మందు

మా చిన్న నాయనమ్మ కొమురమ్మ చేసిన నేరమేమిటని మా ఊరు అనంతగిరిలో ఏ ముసలివాళ్లను అడిగినా ఠక్కున చెప్తారు. మా కులదేవుడు బీరప్ప పండుగ నాడు కూరలో మందు పెట్టి ఇరవై మందిని మంచాన పడేసిందట. ఆ ఇరవై మందిలో అందరికన్నా చిన్నదాన్ని నేనే. అప్పటికి నాకు ఏడాదిన్నర. చావు దాకా పోయి వచ్చానంటారు, నాకేమీ గుర్తులేదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు జరిగిందంతా మా అమ్మ మంగమ్మ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది మరి.

కొమురమ్మ మా తాత బుచ్చయ్యకు తమ్ముడి భార్య. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. నడిగూడెంలో పుట్టింటికి చేరి, అన్నల గొర్లు కాసుకుంటూ బతికింది. అయితే మాంసం వండటానికి ఆమె పెట్టింది పేరు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా మా కురుమల ఇళ్లలో ఎక్కడ పండుగైనా ఆమె కోసం బండి వచ్చేది. నోరు పెద్దది. చేతిలో గంటె ఉందంటే మా తాతనైనా పక్కకు జరగమనేది. మా తాతకు అది గిట్టేది కాదు, కానీ కూర మాత్రం కావాలి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పండుగ ముందురోజు సాయంత్రమే గొర్రెను కోసి వండి, గుండిగకు మూత పెట్టి, జొన్నపిండి ముద్దతో అంచంతా మూసేవాళ్లు. వేడి పోకుండా గుండిగను వరిగడ్డిలో పూడ్చేవాళ్లు. మర్నాడు మధ్యాహ్నం దేవుడికి పెట్టేదాకా ఆ మూత తీయకూడదు. ఎన్నో ఏళ్లుగా అలాగే నడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోతే పండుగ ఎప్పుడూ చలికాలంలో వచ్చేది, గుండిగ చిన్నది. ఆ ఏడు మాత్రం ఊళ్లన్నీ అల్లకల్లోలంగా ఉండి, యూనియన్ మిలిటరీ వచ్చాక గానీ జనం కుదుటపడలేదు. పండుగ వెనక్కి జరిగి జరిగి నలభై తొమ్మిది ఎండాకాలంలో పడింది. రెండేళ్ల మొక్కు ఒకేసారి తీర్చాలని తాత పెద్ద గుండిగ దింపించాడు.

పండుగ రోజు పొద్దున్నే కొమురమ్మ గడ్డిలో చెయ్యి పెట్టి గుండిగను తడిమి చూసింది. అమ్మ అక్కడే నన్ను చంకనేసుకుని నిలబడి ఉంది.

“బావా, ఇది గోరువెచ్చగున్నది. మూత తీసి ఒక్క ఉడుకు రానిస్త” అంది కొమురమ్మ.

“దేవునికంటె ముందు మూత తీస్తవా? పండుగ ఖరాబు జేస్తవా?” అని తాత కసిరాడు.

ఆ ఒక్కరోజే ఆమె నోరు మూసుకుంది, అదే మా కొంప ముంచింది. చుట్టాలు అనుకున్నదానికన్నా ఎక్కువ మంది రావడంతో, అప్పటికప్పుడు ఇంకో గొర్రెను కోయించి చిన్న గిన్నెలో విడిగా వండింది. దేవుడికి పెట్టాక పెద్ద గుండిగలోది తాత పంక్తికి, ఇంట్లోవాళ్లకు వడ్డించారు. చిన్న గిన్నెలోది గొర్ల వెంట పోయేవాళ్లకు పెట్టారు. ఆఖరున కొమురమ్మ కూడా అందులోదే తిన్నది.

మర్నాడు తెల్లారేసరికి ఇంట్లో లేచి నిలబడగలిగినవాళ్లు తక్కువ. కడుపులో మెలికలు, ఆగని విరేచనాలు. పెద్దవాళ్లు చెంబు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. నాకైతే కళ్లు లోపలికి పోయాయి, ఏడుద్దామన్నా గొంతు రాలేదు. నీళ్లిస్తే ఇంకా పారుతుందని నాకు చుక్క కూడా పట్టనివ్వలేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోదామని అమ్మ మొత్తుకుంది. దారి పొడుగునా పోలీసు క్యాంపులు, బండి కట్టడానికి ఎవరూ సాహసించలేదు.

పది గంటలకల్లా ఎవరో ఆ మాట అననే అన్నారు. “వండింది గామె. గుండిగలది ముట్టనిది గూడ గామెనే.”

అంతే. గొడ్రాలు, ముండమోసింది, ఇంటి మీద ఏడుపుతో మందు పెట్టిందన్నారు. కొమురమ్మను తీసుకుపోయి గొర్ల దొడ్డి గుంజకు కట్టేశారు. మందు కక్కించే జంగయ్య కోసం పొలాల దారిన పక్క ఊరికి మనిషిని పంపారు. జంగయ్య వచ్చి పేరు చెప్పాడంటే ఆ మనిషి పళ్లు రాలగొట్టి ఊరవతల పడేయడం ఖాయం. అది ఆమెకూ తెలుసు.

కట్టేసిన చోటునుంచే ఆమె కనిపించినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టింది. “నువ్వేది తిన్నవ్? పెద్ద గుండిగలదా, సిన్న గిన్నెలదా?” గొర్ల వెంట పోయినవాళ్లలో ఒక్కడికీ నలత లేదు. పడుకున్నవాళ్లందరూ పెద్ద గుండిగవాళ్లే.

“జర నా మాటినుండ్రి” అని అరిచింది. “రెండూ నా చేతులతోనే వండిన. ఒక్కటే కారం, ఒక్కటే ఉప్పు. మందు పెడితే రెండిట్ల ఉండాలె గదా! గోరువెచ్చటి పాలు గడ్డిల పెడితే తెల్లారేసరికి తోడుకుంటయా లేదా? గా కూర గూడ గట్లనే లోపల్లోపల పాడైంది. వాసన రాలే, మనకెర్క గాలే. సల్లగన్న ఉండాలె, సలసల కాగనన్న కాగాలె. నడిమిట్ల పెట్టినం.”

తాత అరుగు మీద కడుపు పట్టుకుని కూర్చుని అన్నీ విన్నాడు. పొద్దున ఆమె ఏమడిగిందో, తనేమన్నాడో ఆయనకు తెలియదా? ఒప్పుకుంటే ఆచారం తప్పని తేలుతుంది, కులపెద్ద పరువు పోతుంది. కిక్కురుమనలేదు.

పొద్దు వాలకముందే జంగయ్య దిగాడు. సంచిలోంచి పసరు సీసా తీసి, ముందు పసిపిల్లకు పోస్తానన్నాడు. అది తాగితే పేగులు బయటికొచ్చేలా కక్కుతారు. నాలో కక్కడానికి ఏం మిగిలి ఉంది? అమ్మ ఒళ్లోంచి నన్ను లాక్కుని, ముక్కు మూసి నోరు తెరిపించాడు.

“ఆగు!” అంది కొమురమ్మ. “మందు నేనే పెట్టిన.”

జంగయ్య సీసా పట్టుకునే ఆమె వైపు తిరిగాడు.

“నేనే పెట్టిన. దాని విరుగుడు నాకే ఎర్క. నీ పసరు పోస్తే పిల్ల సస్తది. నా కట్లిప్పుండ్రి, విరుగుడిస్త. అటెన్క మీ ఇష్టం.”

జంగయ్య మొహం వెలిగిపోయింది. పని చేయకుండానే నెగ్గాడు కదా. కట్లు విప్పారు. ఆమె నీళ్లు సలసలా మరగబెట్టి, బియ్యం వేసి పల్చగా గంజి కాచి, ఇంత ఉప్పు వేసి ఆరబెట్టింది. పారుడు పట్టిన గొర్రెపిల్లకు ఆమె ఎప్పుడూ తాపేది అదే. నన్ను ఒళ్లో వేసుకుని ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసింది. కక్కితే కాసేపాగి మళ్లీ పోసింది. మిగతావాళ్లకూ అదే చెంబులతో ఇప్పించింది. దీపాలు పెట్టే వేళకు నేను గొంతెత్తి ఏడ్చాను. ఆ ఏడుపు విని అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని పాలిచ్చింది.

విరుగుడు పనిచేసింది కాబట్టి మందు పెట్టింది ఆమేనని ఊరంతా నమ్మింది. పిల్ల బతికిందని పళ్లు మాత్రం వదిలేశారట, అదీ వాళ్ల దయ! ఆ రాత్రే మూటతో సహా పొలిమేర దాటించారు. ఆ తర్వాత కోదాడ నుంచి గానీ మిర్యాలగూడ నుంచి గానీ ఒక్క బండీ నడిగూడెం పోలేదు. మా తాత మరో పన్నెండేళ్లు పెద్దమనిషిగానే బతికాడు. కాకపోతే మరుసటి పండుగకు గుండిగను గడ్డిలో పెట్టనివ్వలేదు. పొద్దున్నే వండించి, పొగలు కక్కుతుండగానే దేవుడికి పెట్టించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాకు పదేళ్లప్పుడు అమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నన్ను నడిగూడెం తీసుకుపోయింది. కొమురమ్మ వాకిట్లో గొర్రె బొచ్చు కత్తిరిస్తోంది. అమ్మ ఆమె కాళ్ల మీద పడింది.

“చిన్నత్తా, నువ్వు మూత తీస్తనన్న మాట నేనిన్న. మామ వద్దన్నది గూడ ఇన్న. నోరిప్పలే. నా నోరు పడిపోను.”

కొమురమ్మ కత్తెర పక్కన పెట్టి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“నువ్వు నోరిప్పితే నిన్ను గూడ నా పక్కకే కట్టేస్తుండ్రి బిడ్డా. అప్పుడు దీనికి పాలెవరిస్తుండ్రి?” అంది.