నూనెడబ్బా మనిషిని చేసిందెవరు

మొన్న మనవరాలి బడిలో రోబోల పోటీ ఉందంటే, మోకాళ్లు వద్దంటున్నా వెళ్లాను. ఆరుగురు పిల్లలు ఒకే రంగు చొక్కాలు వేసుకున్నారు, ఒక్కో చొక్కా వీపున ఆరుగురి పేర్లూ ఉన్నాయి. లీడరు వారానికొకరు మారతారట. ఆ పేర్లు చదువుతూ కుర్చీలో కూలబడ్డవాణ్ణి, మరాఠీ గడ్డ మీది మా తెలుగు కూలీల పేట కామాఠీపురాలో తొమ్మిదో తరగతి చదివిన రోజుల్లోకి జారిపోయాను.

అప్పుడు, ఎనభైల మొదట్లో, రోబో అన్న మాట మేము సైన్సు సారు నోటనే విన్నాం. చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి జరిగే సైన్సు ప్రదర్శనకు మా తెలుగు బడి కూడా ఏదో ఒకటి తీసుకుపోవాలని ఆయన పట్టుబట్టి, నాతో కలిపి ఐదుగురిని ఎంచి, నన్ను లీడరును చేశాడు. నా తెలివి చూసి కాదు, పాలమూరు నుంచి వచ్చిన కూలీల జట్టుకు మా నాన్న ముకద్దం కనుక.

నాకు తెలిసిన నాయకత్వం కూడా నాన్నదే. ఆయన ఇటుక ముట్టేవాడు కాదు, కేకలేసి పని చేయించేవాడు. బస్సులో పోతూ ఏ మేడనో చూపించి "గా మేడ నేనే కట్టిన" అంటే, దాన్ని కట్టిన జట్టువాళ్లు పక్కనే కూర్చుని మురిసిపోయేవారే తప్ప తప్పు పట్టేవారు కాదు. ముకద్దం పేరే జట్టు పేరు.

ప్రదర్శనకు మేము పెట్టిన రోబో బొమ్మను నిజంగా చేసింది మా ఐదుగురిలో ఒకతె, మేముండే చాల్ అనే వరుస గదుల మేడలో పై అంతస్తు అమ్మాయి. వాళ్ల నాన్న మా నాన్న జట్టులోనే కూలీ. నాగ్‌పాడా తుక్కు దుకాణాల్లో బొమ్మకార్ల మోటార్లు ఏరింది, నూనెడబ్బాకు చేతులు బిగించింది, ఆ చేతుల్లో చిన్న ఘమేలా పెట్టింది. మీట నొక్కితే ఆ యంత్రం మనిషి, మా తల్లులు సిమెంటు మోసే ఆ తట్టను పైకెత్తి వంచేవాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని హుకుం చేస్తుంటే ఆమె తలెత్తకుండానే, "ఓ ముకద్దం, జర గీ తీగె పట్టుకో, నీ మీసాలేం రాలిపోవులే, ఇంకా మొలవనే లేవు" అనేది. మిగతావాళ్లు పడీపడీ నవ్వేవారు.

కానీ ఆమెకు అది ఆట కాదు. ఈ ఏడాదితో చదువు చాలన్న తండ్రి, బహుమతి కాగితం మీద పేరొస్తే పదో తరగతికి పంపుతానని మాటిచ్చాడు. ఆ సంగతి మా ఐదుగురికీ తెలుసు.

ప్రదర్శన రోజు, మార్కులు వేసే పెద్దమనిషి మా బల్ల ముందు ఆగి, ఇది ఎవరు చేశారని మరాఠీలో అడిగాడు. లీడరును కదా, ముందుకు జరిగి నేనే చేశానన్నాను. అబద్ధమాడుతున్నానని అనిపించలేదు, నేనంటే ఐదుగురమూ అనే అనుకున్నాను. ఆయన అలా అనుకోలేదు. రెండో బహుమతి కాగితం మీద నా ఒక్కడి పేరే రాశారు.

మరునాడు ఆ తండ్రి దగ్గరికి వెళ్లి, చేసింది మీ అమ్మాయేనని చెప్పాను. ఆయన వినయంగా నవ్వి, "ఊకో బిడ్డా, ముకద్దం కొడుకు చేసిండంటే చేసినట్టే. మా పిల్ల సామాన్లు అందిచ్చి ఉంటది" అన్నాడు. పైవాడి పేరు కింద తన పని కలిసిపోవడం ఆయనకు బతుకంతా అలవాటే. తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి మాత్రం, "నిన్న అనకపోతివి అన్నా గీ మాట" అంది. చదువు ఆపేసి, ఎండాకాలం సెలవుల్లోనే వర్లిలో కడుతున్న మేడ దగ్గర ఘమేలా ఎత్తింది.

తర్వాత పత్రికలో బతుకు గడిపాను. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి ప్రతి ఒక్కరి పేరూ ఉండాలని నేను పట్టుబడితే, చోటెక్కడుందని డెస్కులో వాళ్లు విసుక్కునేవారు. ఎందుకో ఎన్నడూ చెప్పలేదు.

మొన్న పోటీ అయ్యాక, మేమూ ఒకటి చేశామని నోరు జారితే, మనవరాలు తనకు అలవాటైన మరాఠీలో, ఎవరెవరు చేశారు తాతా అని అడిగింది. ఐదు పేర్లూ చెప్పాను. ఆ అమ్మాయి పేరు ముందు చెప్పాను. ఇప్పటి పిల్లలకు పేర్లు చొక్కాల మీదే దొరుకుతున్నాయి. అడిగిన వెంటనే చెప్పడం నాకు నలభై ఏళ్లకు చేతనైంది. విని నమ్మవలసిన ఆ తండ్రి ఏనాడో పోయాడు.