గాజులా పగిలిన గులాబీ

హోసూరు దగ్గర మాది గులాబీ తోట. ఒక ఏడాది మహిళా దినోత్సవానికి రష్యా తీరంలోని వ్లాదివోస్తోక్‌కు పూలు పంపే ఆర్డర్ వచ్చింది. చేపలు, ఓడల మీద బతికే ఊరు. చలికాలంలో పువ్వన్నదే పూయదట.

"శానా దూరం పోవల్ల, ఇంకొంచెం ఐసు పెట్టు" అన్నాడు మా ఆయన. ఎండకు వాడిపోతాయన్న భయమే మాది. ఎప్పటిలాగే పెట్టెలకు గాలి రంధ్రాలు కూడా పెట్టాం. ఆ రంధ్రాల్లోంచే అక్కడి చలి దూరింది.

అక్కడి వ్యాపారి వీడియో పంపాడు. వెనక సముద్రం తెల్లగా గడ్డకట్టి ఉంది. అతను ఒక గులాబీని బల్లకేసి తట్టగానే గాజులా పగిలిపోయింది.

"సముద్రం యాడన్నా గడ్డకడతాదా అప్పా?" అంది పూలు కోసే మునెమ్మ. ఆయన వీడియోను మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

పూలకు పైసా రాలేదు, అప్పులు మిగిలాయి; ఆ దెబ్బకు తోట అమ్ముకున్నాం. ఇప్పుడాయన కోల్డ్ స్టోరేజీలో కూలికి పోతున్నాడు. సాయంత్రం ఆయన చేతులు పట్టుకుంటే నాకు ఆ గులాబీయే గుర్తొస్తుంది.