నేను చెప్పని మాట

నమ్మకపోతే మానేయండి. కానీ ఆ రాత్రి వాకీటాకీ నా చేతిలోనే ఉంది... నేను నోరు తెరవలేదు. ఇంతవరకు గట్టిగా చెప్పగలను.

బళ్ళారి దగ్గర ఒక జంక్షన్‌లో నేను పాయింట్స్‌మన్‌ని. ఆడదాన్నయినా ఉద్యోగం పేరు అదే. పాసింజర్లు రోజూ ఆలస్యమవుతున్నాయని పాత సిగ్నళ్లు తీసేసి కంప్యూటర్‌తో నడిచేవి పెడుతున్న రోజులవి. ఆ పని జరిగిన మూడు రోజులూ సిగ్నళ్లు లేవు. పట్టాలు చీలే ప్రతి పాయింటుకూ నడిచి వెళ్ళి, చేత్తో పట్టా కలిపి, తాళం వేసి, స్టేషన్ మాస్టరుకు చెప్పాలి. మేం చెప్తేనే బండి కదులుతుంది.

మూడో రాత్రి, తెల్లవారుజాము. మే నెల. కంకర ఇంకా వేడిగానే ఉంది. నాతో వన్నూరప్ప ఉన్నాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఇద్దరికీ నిద్ర లేదు. చివరి పాయింటుకు వెళ్తున్నాం. కంకర మీద మా బూట్ల చప్పుడు... కరకర... కరకర.

వాకీటాకీ గరగరమంది.

"సరే ఎర్రెమ్మా. బండి ఇడిసినా" అన్నాడు మాస్టరు.

ఆగిపోయాను.

"ఎందుకు సార్? మేమింకా పాయింటు కాడికే రాలేదు."

వాకీటాకీ మళ్ళీ గరగరమంది.

"తాళం వేసినా అని ఇప్పుడే చెప్తివి కదమ్మా."

వన్నూరప్ప నా ముఖంలోకి చూశాడు. టార్చి ముందుకు తిప్పాడు. పట్టా కొస... తెరుచుకునే ఉంది. నాలుగు వేళ్ళు పట్టేంత సందు.

హగరి స్టేషన్ వైపు నుంచి బండి దీపం కనబడింది. చిన్నది... మెల్లగా పెద్దదవుతోంది.

ఎర్ర దీపం ఊపుతూ పట్టాల వెంట పరిగెత్తాను. ఎంత దూరమో తెలియదు. బండి వచ్చి నా ముందు ఆగింది. కిటికీల్లో తలలు వాల్చి నిద్రపోతున్న జనం. ఒక్కరూ లేవలేదు.

విచారణలో వన్నూరప్పది ఒకటే మాట. "నేను పక్కనే ఉండా సార్. ఆయమ్మ నోరు తెరవలే."

మాస్టరుదీ ఒకటే మాట. "ఆరేండ్ల నుంచి వింటాండా. ఆ గొంతు నాకు తెలీదా?"

నిద్రలేమి అని రాసి మూసేశారు.

ఇప్పుడు బండ్లు టైముకే వస్తున్నాయి. మొన్న మాస్టరు బదిలీ మీద వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు.

"ఒకటి విచారణలో చెప్పలేదమ్మా. తాళం వేసినా అన్యాక... 'సార్, శానా చలిగా ఉండాది, లోపలికి వస్తా' అంటివి."

"మీరేమన్యారు సార్?"

ఆయన తల వంచుకున్నాడు.

"రామ్మా అంటి."

ఆ మాటలన్నీ నేనే అన్నానేమో, నిద్రమత్తులో మరిచిపోయానేమో అని ఇప్పటికీ అనుకుంటాను. అలా అనుకున్నప్పుడే... కాస్త ధైర్యంగా ఉంటుంది.